కంట్రోల్ గ్రూప్

మైనస్ ఇరవై డిగ్రీల పెట్టెలో
ఎలుక మెదడు ఓ మంచుముక్క.
చక్రం ఒక చుట్టు తిప్పితే
ముప్పై మైక్రాన్ల పొర ఒకటి
ఉల్లిపొర కంటే పల్చగా జారుతుంది.
కుంచెతో ఎత్తి గాజుపలక మీద పరుస్తాను.
పదకొండేళ్లుగా ఇదే నా కొలువు.

హబ్సిగూడ సిగ్నల్ దగ్గర బస్సులు అరుస్తుంటాయి.
కిటికీ మూసినా అద్దం వణుకు ఆపదు.

తహసీన్ మేడం అడిగేది ఒకటే:
ఎక్కడ?
బెదురు పుట్టినప్పుడు
కిడ్నీల నెత్తిన కూర్చున్న గ్రంథులు
నెత్తుట్లోకి వదిలే రసం
పైకెక్కి ఏ తలుపు తడుతుంది?
ఏ గదిలో దానికి పీట వేసి ఉంది?

మందు వేసి, కడిగి, మళ్లీ వేసి, మళ్లీ కడిగి
ఆఖరి రంగు పోసి గడియారం చూస్తాను.
ఐదో నిమిషానికి
డికాక్షన్ రంగులో చుక్కలు తేలతాయి.
ఒక్కో చుక్కా ఒక తాళంకప్ప.
ఆ రసమే తాళంచెవి.

భయం రాజుకునే బాదంగింజలో ఉన్నాయి, సరే.
నుదుటి వెనక, అడుగు వెయ్యనా వద్దా అని
ఆగి చూసుకునే చోటా ఉన్నాయి.
అడుగున, అసలు హుకుం బయల్దేరే చోట కూడా.
కానీ చిక్కగా, కమ్ముకున్నట్టు ఉన్నది మాత్రం
కజ్జికాయ అంచులా మడతపడ్డ ఆ వంపులో,
దారులు గుర్తుండే చోట,
నిన్న గింజ ఎక్కడ దొరికిందో దాచుకునే చోట.

మొదటిసారి చూసి నమ్మలేదు.
భయానికి ఇన్ని కుర్చీలు
జ్ఞాపకం ఇంట్లోనా?
"కుర్చీలు కాదమ్మా, బ్రేకులు" అంది మేడం.
"వచ్చిన కబురు చదివి
ఇక చాలు, నల్లా బంద్ చెయ్యమని
కిందికి చెప్పేది అవే.
రోజూ వరదొస్తే
చదివేవాళ్లు తగ్గిపోతారు."

మైక్రోస్కోప్ పక్కన నా ఫోన్ బోర్లా పడి
టేబుల్ మీద పురుగులా కొట్టుకుంటుంది.
చెల్లి కాన్పుకని యాప్‌లో ఎనిమిది వేలు తీసుకున్నా.
ఇరవై రెండు కట్టా. ఇంకా ఉందంటారు.
నిన్న మా పాలవాడికి చేసి
నేను దొంగనని చెప్పారట.
ఎడంచేత్తో నొక్కేసి, కళ్లు తియ్యకుండా
లెక్కపెడతాను:
నూట నలభై, నూట నలభై ఒకటి.

ఆ నెల లెక్క కుదరలేదు.
గొట్టంలో బిగించి ఉంచిన ఎలుకలకూ
ఏమీ చెయ్యని ఎలుకలకూ తేడా లేదు.
రెండు గుంపుల పలకల మీదా
చుక్కలు ఒకేలా పల్చబడ్డాయి.
మందు మార్చాం, బ్లేడు మార్చాం.
నా చేతిని కూడా అనుమానించారు, న్యాయమే.

కిందికి దిగి
యానిమల్ హౌస్ మొగులయ్యనడిగితే
తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.
"ఏం జెయ్యలేదని ఎవలన్నరు?
పక్క ప్లాట్ల సెల్లారు తవ్వుతున్నరు.
పదిహేను దినాల సంది బండ పగలగొట్టుడే.
మీకు మీద ఇనబడదు.
ఇవి రాత్రంత పొట్టుల తలకాయలు దూర్చుకుంటున్నయ్."

గోడ మీద అరచెయ్యి పెట్టాను.
నిజమే. ఈ ఊరి కింద అంతా బండే.
దాని పలుకు కాళ్లలోంచి పాకి
నా పళ్లకు తగిలింది.

మేడం నోట్‌బుక్‌లో ఆ గుంపు మీద అడ్డగీత పడింది.
ఎవరూ ఏమీ చెయ్యని ఎలుక
ఆ నెల మా దగ్గర ఒక్కటీ లేదు.

అక్కడే ఫోన్ మళ్లీ కొట్టుకుంది.
నా మొహం చూశాడో, పంజరాల వైపు చూశాడో,
మొగులయ్య గుంజుకుని, ఎత్తి,
మాట్లాడకుండా గోడకు ఆనించి పట్టుకున్నాడు.
అవతల మిషన్ బండలోకి దిగుతోంది.

కాసేపు విన్నట్టున్నాడు ఆ మనిషి.
ఇన్ని నెలల్లో మొదటిసారి
అతనే పెట్టేశాడు.